వాన లేని రోజు గొడుగు

నేను పుట్టగానే నా మీద చెయ్యి చేసుకున్న మొదటి మనిషి పోయినవారం కన్నుమూశారు. కాళ్ళు పట్టుకుని తలకిందులుగా వేలాడదీసి, వీపు మీద ఒక్కటిచ్చి ఏడిపించారట. ఇప్పుడు మళ్ళీ ఏడిపించారు.

దిండి దగ్గర మా ఊళ్ళో ఉన్న ఒకే ఒక్క నర్సింగ్ హోమ్‌లో ఆవిడే నర్సు. అందరికీ సిస్టరమ్మగారు. కాన్పులు ఎన్నయినా చేసేవారు గానీ, కడుపు తీయించుకోవడానికి ఎవరైనా వస్తే ఆపరేషను గదిలో అడుగుపెట్టేవారు కాదు. "దేవుడికి మాటిచ్చేనండి. నా చేత్తో కాదు" అనేవారు. రెండో నర్సు లేదు. డాక్టరుగారు విసుక్కుని, వచ్చినవాళ్ళని పంపేసేవారు.

అలా పంపేసిన ఒక పిల్ల, పెళ్ళి కానిది, కొబ్బరి రాశుల దగ్గర కూలికెళ్ళేది, నాటుమందు మింగి చచ్చిపోయింది. సిస్టరమ్మగారు చూడ్డానికి వెళ్తే తల్లి ఒక్కటే మాట అందట: "మీ చేతులు శుభ్రంగానే ఉన్నాయి కదండీ."

ఆ తర్వాత కూడా ఆవిడ ఆ గదిలోకి వెళ్ళలేదు. కాకపోతే సెలవు పెట్టి, వచ్చిన ఆడమనిషిని పంటు ఎక్కించి, గోదావరి దాటించి పాలకొల్లు ఆసుపత్రికి తీసుకెళ్ళడం మొదలెట్టారు. లోపల పని అయ్యేదాకా గుమ్మం బయట ప్రార్థన చేసుకుంటూ కూర్చునేవారు. తర్వాత ఇడ్లీ తినిపించి వెనక్కి తెచ్చేవారు. ఇది చర్చి పెద్దలకూ నచ్చలేదు, డాక్టరుగారికీ నచ్చలేదు. అందరినీ సమానంగా నొప్పించడం సామాన్యులకు అబ్బే విద్య కాదు.

"పాపం చెయ్యదంట, పాపానికి తోడెళ్తాదంట!" అని మా పెద్దమ్మ మొహానే అనేసింది.

"ఆయ్, తోడేనండి. కాదనే హక్కు నాకుందండి. కాదనేసి ఇంటికెళ్ళి పడుకునే హక్కు లేదండి."

అదే పంటు మీద నేను కాలేజీకి వెళ్ళేవాణ్ణి. ఎండా వానా లేని రోజు కూడా ఆవిడ నల్లగొడుగు విప్పి, బాగా కిందకి వంచి కూర్చునేవారు. ఇంత గొప్ప అవకాశం నేను వదలను కదా.

"సిస్టరమ్మగారూ, వాన మీకొక్కరికే కురుస్తుందాండీ?"

"లేదు బాబూ, మా ఇద్దరికీని."

గొడుగు కింద రెండో మనిషి మొహం నాకెప్పుడూ కనబడలేదు.

సమాధుల తోటలో ఆవిణ్ణి దింపుతుంటే గేటు బయట, రోడ్డు వారగా, కొందరు ఆడవాళ్ళు నిలబడి ఉన్నారు. లోపలికి రమ్మని పిలిచాను. ఎవరూ కదల్లేదు. వస్తే, ఆవిడ మీకేమవుతారని ఎవరో ఒకరు అడగకుండా ఉండరు.

ఆకాశంలో మబ్బు తునకైనా లేదు. గొడుగులన్నీ విప్పి, బాగా కిందకి వంచి ఉన్నాయి.