ఏడో నంబరు బిళ్ళ

1979 జనవరి 8, సోమవారం నాడు కొత్తపేటలో ఒక చిన్న ఫిట్టర్ శిక్షణ కేంద్రంలో స్టోర్‌కీపర్‌గా చేరాను. కేంద్రమంటే అద్దెకు తీసుకున్న పెంకుటిల్లు. వీధి గది ఆఫీసు. పెరట్లో రేకుల షెడ్డు వర్క్‌షాపు. పాత వంటగది నా స్టోరు. ఆ వంటగది కిటికీలోంచే పనిముట్లు ఇచ్చేదాన్ని.

పెద్ద పనిముట్లు పోవు. పోయేవి డ్రిల్ బిట్లు, మరలు కోసే ట్యాపులు, సన్న ఆకురాళ్ళు, కొలత పనిముట్లు. వాటికోసం గోడకు చెక్క పలక, ఒక్కో పనిముట్టుకు ఒక మేకు, మేకు కింద దాని పేరు. పనిచేసే ప్రతివారికీ తమ నంబరు కొట్టిన ఇత్తడి బిళ్ళలు అయిదేసి ఉంటాయి. పనిముట్టు తీసుకున్నవారి బిళ్ళను ఆ మేకుకు తగిలిస్తాను. తిరిగి ఇవ్వగానే బిళ్ళ వెనక్కి ఇస్తాను. సాయంత్రం పలక ముందు నిలబడితే ఏది ఎవరి దగ్గరుందో తెలిసిపోవాలి. మొత్తం నూట నలభై రెండు మేకులు. ఇరవై నెలల్లో ఒక్క పనిముట్టు పోలేదు. నా స్టోరు గురించి నాకు గర్వంగా ఉండేది.

ఏడో నంబరు దానియేలు గారిది. పలివెల నుంచి సైకిలు మీద వచ్చేవారు. ఆరేళ్ళుగా తాత్కాలిక ఇన్‌స్ట్రక్టరు. ఆ ఏడాది పర్మినెంటు చేయవలసినవారి జాబితాలో ఆయన పేరు పై ఆఫీసుకు వెళ్ళింది.

1980 సెప్టెంబరు 18, గురువారం. వారం రోజులుగా ముసురు. సాయంత్రం చూస్తే మైక్రోమీటరు మేకుకు ఏడో నంబరు బిళ్ళ వేలాడుతోంది. వెంట్రుక మందం కొలిచే పనిముట్టు అది, కేంద్రం మొత్తానికి ఒక్కటే. దానియేలు గారిని పిలిచాను.

"మధ్యాహ్నమే ఇచ్చేశానండీ. మీరు ఆఫీసు గదిలోకి వెళ్ళేరు. కిటికీలోంచి చెయ్యి పెట్టి మీ బల్ల మీదే పెట్టేను. క్లాసు నడుస్తోందని బిళ్ళ తీసుకోలేదు."

"బిళ్ళ ఇంకా మేకుకే ఉంది కదండీ" అన్నాను.

"ఆయ్, ఉందండీ. ఆరేళ్ళ నుంచి నేనూ ఇక్కడే ఉన్నాను కదా మేడమ్ గారూ. రేపు పొద్దున్న ఇద్దరం వెతుకుదాం. ఈ ఒక్క పూటా కాయితం పెట్టకండి."

కొలత పనిముట్టు కనిపించకపోతే అదే రోజు రాతపూర్వకంగా తెలియజేయాలని నియమం. బల్ల మీదా, కిందా చూశాను. రిపోర్టు రాసి సూపరింటెండెంటు గారికి ఇచ్చి ఇంటికి వెళ్ళాను.

జాబితాలోంచి దానియేలు గారి పేరు తీసేశారు. నవంబరు ఆఖరున ఆయన సర్వీసు కూడా ముగిసింది.

1981 జనవరి 12న చలిగాలి పొడిగా ఉందని అటక మీది చెక్కపెట్టె దించాను. వానాకాలంలో వాడకంలో లేని కొలత పనిముట్లకు తుప్పు పట్టకుండా నూనె రాసి, గుడ్డలో చుట్టి అందులో పెట్టేదాన్ని. మూడో గుడ్డ విప్పితే మైక్రోమీటరు. ఆ ముసురు రోజు మధ్యాహ్నం బల్ల మీద ఉన్నవన్నీ తుడిచి సర్దింది నేనే. అది కూడా వాటిలో కలిసిపోయింది. ఎవరు ఏది తీసినా మేకు మీద గుర్తు ఉంటుంది. స్టోర్‌కీపరు తీస్తే ఏ గుర్తూ ఉండదు, ఎందుకంటే స్టోర్‌కీపరుకు బిళ్ళ లేదు.

నా రెండేళ్ళ ప్రొబేషన్ ఆ నెల 7తో పూర్తయింది. పర్మినెంటు ఉత్తర్వు కోసం చూస్తున్నాను. అది 22న వచ్చింది. మైక్రోమీటరు సంగతి 23న చెప్పాను.

సూపరింటెండెంటు గారు తలుపు దగ్గరికి వేశారు. "పోయిందని రాశాం, పైవాళ్ళు ఒప్పుకున్నారు, కొత్తది కూడా వచ్చింది. ఇప్పుడు దొరికిందంటే ముందు మీకే మెమో ఇవ్వాలమ్మా. స్టాకులో 'అదనం' అని చూపించండి" అన్నారు. అలాగే చూపించాను.

25వ తేదీ ఆదివారం పలివెల వెళ్ళాను. దానియేలు గారు ఇంటి వెనక పాకలో ఆయిలింజన్లు బాగుచేస్తున్నారు. గోడకు పానాలు, ఆకురాళ్ళు వరసగా ఉన్నాయి. ప్రతిదాని చుట్టూ బొగ్గుతో గీసిన గీత.

"ఇక్కడ బిళ్ళలు లేవండీ" అన్నారు నవ్వుతూ. "ఏదైనా కనపడకపోతే ముందు నా చొక్కా జేబు తడుముకుంటాను. తర్వాతే మా ఆవిణ్ణి తిడతాను."

పెట్టెలో దొరికిందని చెప్పాను. ఆయన చేతిలోని పానా కింద పెట్టారు.

"ఎప్పుడండీ?"

"పన్నెండో తారీఖున."

వేళ్ళు మడిచి లెక్కపెట్టారు. "పదమూడు రోజులు. మీకు పదమూడు రోజులు కావాల్సొచ్చేయి. నేను ఒక్క పూట అడిగేను కదండీ."

కుర్చీ చూపించలేదు. నేనూ కూర్చోలేదు.

దానియేలు గారి ఫైలు మళ్ళీ తెరవలేదు. తెరవమని నేను రాతపూర్వకంగా ఎప్పుడూ అడగలేదు. నేను సీనియర్ స్టోర్‌కీపర్‌గా రిటైరయ్యాను. ఈ పనిలోకి కొత్తగా వచ్చేవారికి చెప్పగలిగింది ఇంతే. పనిముట్టు కనిపించనప్పుడు మొదట తనిఖీ చేయవలసింది స్టోర్‌కీపరునే. ఆ నియమం మా మాన్యువల్‌లో లేదు. లేకపోవడం నాకు ఉపయోగపడింది.