బూజక్క కనిపెట్టిన గీత

ల్యాబులో అందరూ ఆమెను బూజక్క అంటారు. ఆ పేరు పెట్టింది ల్యాబు నడిపే సారే. తడిగోడల మీంచీ, పాత పరుపుల్లోంచీ గోకి తెచ్చిన బూజును గాజుమూతల కింద పంతొమ్మిదేళ్ళుగా పెంచుతోంది. కన్నబిడ్డలకైనా అంత వేళపట్టున తిండి పెట్టలేదని వాళ్ళాయన ఎత్తిపొడుస్తుంటాడు. ఆ చాకిరీ ఊరికే పోలేదు లెండి. ఆరేళ్ళ కిందట ఆమెకే ఎలర్జీ పట్టుకుంది, దగ్గూ ఆయాసమూ మొదలయ్యాయి.

బూజులో జనానికి పడని ప్రోటీన్ ఏదో తేల్చడమే అక్కడి పని. బూజును నూరి, అందులోని ప్రోటీన్లను కరెంటుతో వరసలుగా విడదీసి, పలచని కాగితం మీదికి ఎక్కించి, ఎలర్జీ ఉన్నవాళ్ళ రక్తపు తేట పోస్తారు. ఆ రక్తం దేన్ని శత్రువని గుర్తుపడితే అక్కడ నల్లగీత తేలుతుంది. ఒకసారి రోగులు తక్కువయ్యారు. "మనింటి మనిషివి, నువ్వే ఇవ్వక్కా" అన్నారు సార్. చెయ్యి చాపింది. కాగితం అడుగున ఎవరికీ రాని సన్నటి గీత ఒకటి కనబడింది. "మరకలే" అని సార్ పెదవి విరిచారు. కాదని పదకొండుసార్లు చేసి చూపించింది. అప్పుడు వెలిగింది ఆయన మొహం. "జర్నల్‌కి పంపే వ్యాసంలో నా పేరు పక్కనే నీ పేరు!" అన్నారు. అచ్చులో తన పేరు చూసుకోవాలని ఏడాదిపాటు కళ్ళు కాయలు కాసేలా ఎదురుచూసింది, పిచ్చిది.

వ్యాసం వచ్చింది. పైన నాలుగు పేర్లున్నాయి. ఏనాడూ ల్యాబులో చెయ్యి తడుపుకోని సార్ బావమరిది పేరు కూడా ఉంది. ఆమెది లేదు. వెతగ్గా వెతగ్గా రెండో పేజీ పట్టికలో తనను తాను గుర్తుపట్టింది: "రోగి 7. స్త్రీ. 46 ఏళ్ళు."

నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలవడమంటే ఇదే. ఒళ్ళు మండిపోయి నేరుగా ఆయన గదిలోకి వెళ్ళింది.

"నా పేరేది సార్?"

"అదేంటక్కా, రక్తమిచ్చినవాళ్ళ పేర్లు అచ్చెయ్యకూడదు కదా. రూలు" అన్నారాయన, కంప్యూటర్లోంచి తలెత్తకుండా.

"మరి గీత కనిపెట్టిందెవరు?"

"చిన్నపిల్లలా మాట్లాడకు. కొత్త బూజొచ్చింది, వెళ్ళి నూరు."

ఆమె కోటు విప్పి ఆయన బల్ల మీద పెట్టింది.

"ఇలాంటి రోగుల్ని బూజు దరిదాపులకు రానివ్వకూడదని ఆఖరి పేజీలో మీరే రాశారు సార్. నేను రోగినే కదా. మీ బూజు మీరే నూరుకోండి."

మాటైతే అనేసింది గానీ, మెట్లు దిగుతుంటే దుఃఖం ఆగలేదు. ఆ పనంటే ఆమెకు ప్రాణం.