మామగారి బ్రష్షుకు నేను చేసిన మరమ్మతు

పెళ్లైన కొత్తలో, అంటే పదేళ్ల కిందట, పాత వస్తువు కనబడితే నా చేతులు ఊరుకునేవి కావు. అనంతపురంలో ఉద్యోగం, బుక్కరాయసముద్రంలో అద్దె ఇల్లు, ఆదివారాలన్నీ పాత షేవింగ్ బ్రష్షులతో. పాత సామాన్ల అంగళ్లలో వాటిని ఏరుకొచ్చి, అరిగిన వెంట్రుకల కుచ్చు పెకలించి, పిడికి మెరుగు పెట్టి, ఆన్‌లైన్లో తెప్పించిన కొత్త కుచ్చు జిగురుతో బిగించి, కనిపించినవారికల్లా కానుకగా ఇచ్చేవాణ్ణి. (మా ఆఫీసరుకూ ఒకటి ఇచ్చాను. ఆయనకు ఛాతీ దాకా గడ్డం. పుచ్చుకుని చాలాసేపు నా వైపే చూశాడు.) నా కానుక అందుకున్నవారి మొహంలో కనిపించేది ఆనందమేనని ఆ రోజుల్లో నాకు గట్టి నమ్మకం.

అత్తవారిది ధర్మవరం. మామగారు పట్టుచీరలు నేసే మనిషి, మాట తక్కువ. అల్లుడిగా నేను ఆయనకు నచ్చానో లేదో అంతు చిక్కేది కాదు. రెండోసారి వెళ్లినప్పుడు మగ్గం గది కిటికీలో, అద్దం పక్కన, కొమ్ము పిడి ఉన్న షేవింగ్ బ్రష్షు చూశాను. వెంట్రుకలు అరిగి అరిగి గోరంత మిగిలాయి. పాపం, ఈయన దీంతోనే ముఖానికి నురుగు రాసుకుంటున్నాడా అని ప్రాణం ఉసూరుమంది. కొత్తదానిలా చేసి చేతిలో పెడితే ఇక నన్ను నెత్తిన పెట్టుకుంటాడని లెక్క వేసుకుని, ఎవరికీ చెప్పకుండా, భార్యకు కూడా చెప్పకుండా సంచిలో వేసుకున్నాను. (దీన్ని దొంగతనం అంటారని అప్పుడు తట్టలేదు.)

మా ఇంటికి తిరిగొచ్చాక, మూడో రోజు మధ్యాహ్నం అన్నం తింటుండగా మా ఆవిడకు పుట్టింటి నుంచి ఫోను వచ్చింది. మాట్లాడి వచ్చి దిగులుగా కూర్చుంది.

"నాయన బ్రష్షు కనపడలేదంట. మూన్నాళ్లుగా మగ్గం నిలబడిపోయిండాది."

"గడ్డం గీసుకోకపోతే మగ్గం ఎందుకు ఆగుతుంది?" అన్నాను.

"గడ్డమా? నాయన గడ్డం అంగట్లో గీయించుకుంటాడు. అది మా తాతది. నేసేటప్పుడు పోగుల మీద నూగు దులిపేదానికి పెట్టుకున్నాడు. అట్ల అరిగిన వెంట్రుకలైతేనే జరీ మీద గీత పడదంట. ఇంగోటి చేతికి రాదంటాడు. కళ్లద్దాలన్నను అడిగినాడంట, చూసినావా అని. ఇరవై ఏండ్లుగా ఈ ఇంట్లో పని చేస్తాండా, నన్నే అడుగుతావా అని ఆయన అలిగి ఇంటికి పోయినాడంట."

కళ్లద్దాలన్న అంటే మామగారి రెండో మగ్గం మీద నేసే పెద్దాయన. నేను కంచం పక్కకు జరిపాను. అప్పటికే ఆ కుచ్చును వేడినీళ్లలో నానబెట్టి, పెకలించి, చెత్తబండిలో పారేశాను. పిడి అద్దంలా మెరుస్తోంది, దాని నెత్తిన రెండంగుళాల మెత్తటి వెంట్రుకలు నిగనిగలాడుతున్నాయి. చడీచప్పుడు లేకుండా కిటికీలో పెట్టేసి వస్తే? అరిగిన బ్రష్షుకు మూడు రోజుల్లో వెంట్రుకలు పెరిగాయంటే నమ్ముతారా అని నిజంగానే కాసేపు ఆలోచించాను. పాపం ఆ పెద్దాయన మీద నింద పడ్డాక మాత్రం దాచడం కుదరదనిపించింది. మర్నాడు సెలవు పెట్టి, ఆవిడతో ఆఫీసు పని అని చెప్పి, పొద్దున్నే ధర్మవరం బస్సెక్కాను. దారి పొడవునా ఒక్క మాటే వల్లించుకున్నాను, దిగేసరికి అదీ మరిచిపోయాను.

మామగారు ఆగిన మగ్గం పక్కనే కూర్చుని ఉన్నారు. బ్రష్షు ఆయన ముందు పెట్టి, "నేనే తీసుకుపోయినా మామా. బాగు చేసి ఇద్దామని," అన్నాను. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి, మగ్గం కింద కాళ్లు పెట్టుకునే గుంటలోకి దిగి కూర్చుని, నేతలో ఉన్న చీర మీద మెల్లగా ఒకసారి లాగారు. ఒక వెంట్రుక ఊడి జరీ అంచులో చిక్కుకుంది. దాన్ని గోళ్లతో పట్టి తీశారు.

"బాగుండాది," అన్నారు చివరికి. "గడ్డానికి."

తర్వాత నెమ్మదిగా, "నేను అడగరాని మనిషిని అడిగినా. నువ్వు పోయి నీ నోటితోనే చెప్పు. ఆయన వచ్చినాకే మగ్గం ఆడేది," అన్నారు.

కొత్త అల్లుణ్ణి, రెండు వీధులు తలవంచుకుని నడిచాను. కళ్లద్దాలన్న గుమ్మంలోనే నిలబెట్టి అంతా విన్నాడు. కళ్లద్దాలు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకుని నన్ను ఎగాదిగా చూశాడు.

"ఏమప్పా, పట్టుచీరలుండే ఇంట్లో నీకు అరిగిపోయిన బ్రష్షే దొరికిందా?"

అని, కళ్లలో నీళ్లు వచ్చేదాకా నవ్వి, చొక్కా తొడుక్కుని నాతో వచ్చాడు. ఆ రోజు ఆయన నవ్వకపోయి ఉంటే నేనేమైపోయేవాణ్ణో ఇప్పటికీ తెలియదు.

బయల్దేరేటప్పుడు మామగారు బ్రష్షు నా చేతిలోనే పెట్టారు. "దీంతో దినామూ గడ్డం గీసుకో. అరిగినాక తెచ్చియ్యి. అంతవరకు గుడ్డపేలికతో ఎట్లో దులుపుకుంటా." వేళాకోళం అనుకున్నాను, కాదు. వెళ్లిన ప్రతిసారీ అడిగి తీసుకుని, బొటనవేలితో వెంట్రుకలు రాసి చూసి, "ఇంగా కాలేదు," అని తిరిగి ఇచ్చేవారు. ఆయన భయానికి జ్వరం వచ్చిన రోజు కూడా గడ్డం గీసుకున్నాను.

మోకాళ్ల నొప్పులతో ఆయన మగ్గం గుంటలోకి దిగడం మానేసి రెండేళ్లయింది. పోయిన నెల వెళ్లినప్పుడు బ్రష్షు నేనే తీసి ఇచ్చాను. వెంట్రుకలు సరిగ్గా గోరంత ఉన్నాయి, నాకు తెలుసు. ఆయన బొటనవేలితో ఒకసారి, చెంపకు ఆనించి ఒకసారి చూశారు. ఖాళీగా ఉన్న మగ్గం వైపు కూడా చూశారు.

"ఇంగా కాలేదప్పా."

"సరే మామా," అన్నాను. ఆ మాట అంత హాయిగా నాకెప్పుడూ వినిపించలేదు. మర్నాడు నురుగు కలుపుతుంటే అద్దంలో బట్టతల మనిషి ఒకడు, ఇంకా పరీక్ష పాసు కాని కొత్త అల్లుడిలా, నవ్వుతూ కనిపించాడు.