ఓడలో రెండో బంతి

ఏడేళ్ళుగా ఒక మాట గొంతులో పెట్టుకుని తిరుగుతున్నాను. మింగలేదు, కక్కలేదు. మీరెవరో నాకు తెలియదు. నేనెవరో మీకు తెలియనక్కర్లేదు. అందుకే మీకు చెప్పగలననిపిస్తోంది.

అయితే ముందు ఒక గొప్ప చెప్పుకోనివ్వండి. అది లేకుండా నాకు ఏ మాటా మొదలు కాదు, డెబ్బై ఆరేళ్ళ అలవాటు. నడిసముద్రంలో నలభై మందికి ఒకే బంతి వేయించిన మనిషిని నేను. హిందూపురం, పెనుకొండ, ధర్మవరం, మూడు ఊళ్ళ మా వాళ్ళంతా ఒక్క బల్ల చుట్టూ కూర్చుని భోంచేస్తుంటే, ఓడ కెప్టెనే తెల్లకోటు వేసుకుని నడిచొచ్చి నా చెయ్యి పట్టుకుని ఊపాడు. ఇంత పెద్ద కుటుంబాన్ని ఇంత పొందికగా కూర్చోబెట్టినవాణ్ణి తన సర్వీసులో చూడలేదన్నాడు. ఈ సంగతి పెళ్ళిళ్ళలో చెప్పాను, బస్టాండులో చెప్పాను, పళ్ళ డాక్టరు నా నోట్లో చెయ్యి పెట్టబోతుంటే ఆపి మరీ చెప్పాను.

నలభై మంది కాదు, ఇరవై ముగ్గురు. వచ్చింది కెప్టెనూ కాదు. ఆ వచ్చినతను ఎవరో, నా దగ్గరికి ఎందుకొచ్చాడో చెప్పడానికే ఈ కాగితాలు ముందేసుకున్నాను.

మా నాయనకు ముగ్గురు కొడుకులం. అన్న ధర్మవరంలో మగ్గాల పనిలో కుదురుకున్నాడు, పిల్లలు లేకుండానే పోయాడు. తమ్ముడిది పెనుకొండ. నడిమివాణ్ణి నేను, హిందూపురంలో చింతపండు మండీలో గుమాస్తాగా చేసి రిటైరయ్యాను. అన్న పోయాక వదిన ధర్మవరంలోనే ఉండిపోయి, పట్టుచీరల కొంగులకు కుచ్చులు వేసి బతికింది. మా ఇళ్ళలో ఏ పెళ్ళి జరిగినా, ఏ దినం జరిగినా ఆమె చోటు పొయ్యి దగ్గర. నా చోటు బంతుల దగ్గర. ఎవరు మొదటి బంతిలో కూర్చోవాలి, ఎవరు రెండో బంతి దాకా ఆగాలి, ఎవరి విస్తరి ఎవరి విస్తరి పక్కన పడాలి, అన్నీ నేను చెప్పినట్లే. వదిన ఎప్పుడు తినేదో నాకు తెలియదు. చివరి బంతి కూడా లేచాక, వంట ఆడవాళ్ళతో కలిసి గిన్నెల మధ్య కూర్చుని తినేదనుకుంటాను. నేను ఎప్పుడూ అటు తిరిగి చూడలేదు.

బెంగుళూరులో ఉన్న నా కూతురు, అందరం చావులకూ పెళ్ళిళ్ళకూ తప్ప కలవడమే లేదని, ఈసారి ఊరికే కలుద్దామని, చెన్నై రేవులో ఎక్కి మూడు రాత్రులు సముద్రం మీద తిరిగి వచ్చే ఓడ ఒకటి చూసింది. పొద్దునా మధ్యాహ్నమూ ఎవరి పళ్ళెం వాళ్ళు పట్టుకుని తినడమేనట. సాయంకాలం భోజనం మాత్రం పెద్ద హాల్లో, ముందే పేర్లిచ్చి బల్ల రాయించుకోవాలట. ఆరున్నరకు ఒక విడత, ఎనిమిదిన్నరకు ఇంకో విడత. ఆమె ఫోనులో ఇది చెప్పగానే నాకు ఎక్కడలేని హుషారొచ్చింది. ఇదేముంది, మన మొదటి బంతీ రెండో బంతే కదా, ఆ పని నాకు వదిలెయ్ అన్నాను.

వదినకు చెప్పడానికి ధర్మవరం పోయాను. ఓడ ఎంత పెద్దదో, దాంట్లో ఎన్ని అంతస్తులో, నేను చూడనివి కూడా చూసినట్లు చెప్పాను. ఆమె అంతా విని, ఆడ ఓడలో వండేది ఎవరని అడిగింది. వాళ్ళ వంటవాళ్ళే రెండు వందల మంది ఉంటారన్నాను, లెక్క నాకేం తెలుసు. అట్లయితే నేనూ మీతోపాటు మొదటి బంతిలో కూర్చుంటానప్పా అంది. సముద్రం చూడాలని అనలేదు. ఓడ ఎక్కాలని అనలేదు. ఆ ప్రయాణంలో ఆమె కోరింది అదొక్కటే. కోరింది నన్నే. కుదిర్చేవాణ్ణి నేనే కాబట్టి.

అప్పటికి ఆమె చేతులు వణికేవి. కుచ్చుల పని మానేసి రెండేళ్ళయింది. ముద్ద నోటి దాకా వచ్చేలోపు సగం ఒళ్ళో పడేది. మా మనవరాలికి పేరు పెట్టిన రోజు బెంగుళూరులో, వదిన చేతిలోని చారు గ్లాసు ఒలికి మా వియ్యపురాలి చీర మీద పడింది. వియ్యపురాలు తన కుర్చీ కొంచెం పక్కకు జరుపుకుంది. అంతే. ఆ జరుపుకోవడం నాకు మాత్రం నెలల తరబడి కళ్ళలో ఉండిపోయింది. వియ్యంకుడు పెద్ద ఉద్యోగం చేసి రిటైరైనవాడు. వాళ్ళ ముందు నేను కొంచెం ఎత్తుగా నిలబడాలని నాకు ఎప్పుడూ ఒక ఆరాటం. మండీ గుమాస్తాను అని కాక, మండీ చూసుకునేవాణ్ణి అని చెప్పుకున్నవాణ్ణి.

బంతులు కట్టడానికి నాదొక పద్ధతి. పాత పెళ్ళిపత్రికలను చీటీలుగా కత్తిరించి, ఒక్కో చీటీ మీద ఒక్కో పేరు రాసి, చాప మీద పరిచి మార్చి మార్చి చూసుకుంటాను. ఓడకూ అట్లే చేశాను. ఇరవై నాలుగు చీటీలు. రెండు పెద్ద బల్లలు కలిపితే ఇరవై నాలుగు కుర్చీలు. సరిగ్గా సరిపోయాయి. ఒక్క కుర్చీ తక్కువైనా ఈ రోజు నాకొక సాకు మిగిలేది.

వదిన చీటీ వియ్యంకుల ఎదురుగా పెట్టాను. తీశాను. తమ్ముడి పక్కన పెట్టాను. అక్కడినుంచి కూడా చేతులు కనిపిస్తాయి. చిట్టచివర పెట్టాను. చివరైతే మాత్రం కనిపించకుండా పోతుందా? మెతుకులు బల్ల మీద పడటం, పెద్ద గుడ్డ పరిచిన బల్ల, వియ్యపురాలు చూసీ చూడనట్లు తల తిప్పుకోవడం, అన్నీ చాప మీదే నాకు జరిగిపోయాయి. ఆ చీటీ తీసి చొక్కా జేబులో వేసుకున్నాను. ఎవరు చెప్పారు నాకు అట్లా చెయ్యమని? ఎవరూ చెప్పలేదు. చాలాకాలం వియ్యపురాలు చెప్పిందన్నట్లే నా మనసులో చెప్పుకుంటూ వచ్చాను. అది కూడా అబద్ధమే.

తర్వాత రెండు అబద్ధాలు ఆడాను. కూతురికి ఫోను చేసి, పెద్దమ్మ అంత పొద్దుండగా తినలేనంది, తనే రెండో బంతిలో వెయ్యమంది అన్నాను. కూతురు వెంటనే నమ్మింది. ఎందుకు నమ్మదు? పుట్టినప్పటినుంచీ పెద్దమ్మ అందరికన్నా చివర తినడమే చూసింది. ఇంటిల్లిపాదీ అట్లే నమ్మారు. వదినకు చెప్పవలసిన అబద్ధం ఓడ ఎక్కేదాకా దాచుకున్నాను.

మొదటి సాయంకాలం ఆరున్నరకు హాలు తలుపు దగ్గరికి అందరం చేరాం. గదులు ఇద్దరిద్దరికి ఇచ్చారు. మా ఆవిడా వదినా ఒక గదిలో, నేనూ తమ్ముడూ ఇంకో గదిలో. మా ఆవిడ పిల్లలతో ముందే లోపలికి పోయింది. వదిన కొంచెం వెనకగా, గోడ పట్టుకుని నిదానంగా వచ్చింది. చేతులు బాగున్న రోజుల్లో తానే కుచ్చులు వేసుకున్న చీర కట్టింది. తల నున్నగా దువ్వుకుంది. నేను తలుపు దగ్గరే నిలబడి ఉన్నాను, ఆమెకు ఎదురు పడాలని.

"ఏమప్పా, నన్ను యాడ కూర్చోమంటావు?"

"వదినా, నీది రెండో బంతి పడింది. ఓడోళ్ళు మిషన్లో ఏసినారంట. మన చేతిలో లేదు."

ఆమె నా మొహం చూసింది. నేను ఆమె కొంగు కుచ్చులు చూశాను.

"సముద్రం మీద గూడా నాకు రెండో బంతేనా?" అని నవ్వింది.

"ఏం చేసేది వదినా, రూలు."

"సరేలే. నువ్వు పోయి కూర్చో. అందరికీ అందిందో లేదో చూసుకో."

పోయి కూర్చున్నాను. అందరికీ అందింది. మా బల్ల దగ్గర ఒక కుర్చీ ఖాళీగా ఉండిపోయింది. కాసేపటికి వియ్యపురాలు దాని మీద తన హ్యాండ్‌బ్యాగు పెట్టుకుంది. ఆ బ్యాగు మూడు సాయంకాలాలూ మొదటి బంతిలో కూర్చుంది.

రెండో సాయంకాలం ఆ తెల్లకోటు మనిషి వచ్చాడు. హాలు చూసుకునేవాడు, కెప్టెను కాదు. కాగితం చూసుకుని, మీ వాళ్ళలో ఒక పెద్దావిడ పేరు రెండో విడతలో ఉంది, ఇక్కడ కుర్చీ ఖాళీగా ఉంది కదా, పిలిపించమంటారా అని మెల్లగా అడిగాడు. అడిగింది నన్నొక్కణ్ణే, వంగి, చెవి దగ్గర. ఒక్క మాట చాలు. అవును పిలిపించండి అంటే అయిపోయేది. కానీ ఆమె లోపలికి వస్తే నా కూతురు అడుగుతుంది, పెద్దమ్మా నువ్వే వద్దన్నావంట కదా అని. వదిన అంటుంది, మిషన్లో ఏసినారంట కదా అని. రెండు అబద్ధాలూ ఆ తెల్లగుడ్డ మీద, వియ్యంకుల ఎదుట ఒకదాన్నొకటి చూసుకుంటాయి. నేనే లేచి అతని చెయ్యి పట్టుకున్నాను, ఇంక మాట్లాడొద్దని. గట్టిగా ఊపి, నవ్వి, అవసరం లేదన్నాను. బల్ల దగ్గరున్నవాళ్ళు అతను నన్ను మెచ్చుకున్నాడనుకున్నారు. నేను కాదనలేదు. ఏడేళ్ళుగా చెప్పుకున్న ఆ కెప్టెన్ చెయ్యి ఇదే.

మూడో సాయంకాలం వియ్యపురాలు అడిగింది, మీ వదినగారు ఒక్కరోజు కూడా మనతో భోజనానికి రాలేదేమని. ఆమె పక్కన కూర్చుని కుచ్చులు ఎట్లా వేస్తారో అడగాలనుకుందట. అది విన్నాకైనా నా నోరు ఆగలేదు. ఆమెకు ఒంటరిగా తినడమే ఇష్టమండీ అన్నాను.

ఆ మూడు పూటలూ వదిన రెండో బంతిలో, పరాయివాళ్ళ మధ్య కూర్చుని తినింది. వాళ్ళెవరో, ఆమె చేతులు చూసి ఎవరు జరిగి కూర్చున్నారో నాకు తెలియదు. పొద్దున కనబడినప్పుడల్లా రాత్రి భోజనం ఎట్లుందని అడిగేవాణ్ణి. బాగుండాదప్పా అనేది. నాకు ధైర్యం వచ్చేది. ఆ ధైర్యం గుర్తొస్తేనే ఇప్పుడు ఎక్కువ సిగ్గు.

మూడేళ్ళ కిందట వదిన పోయింది. ధర్మవరంలో ఆమె దినాలకు బంతులు వేసింది కూడా నేనే. వడ్డన మధ్యలో తమ్ముడు నా భుజం మీద చెయ్యేసి, వదినకు సముద్రం చూపించింది నువ్వే అన్నాడు, కళ్ళు తుడుచుకుంటూ. నేను చారు బకెట్టు ఎటు పోయిందో చూస్తున్నట్లు అటు నడిచిపోయాను. ఆరోజు చెప్పి ఉండొచ్చు కదా? ఆమె బతికున్న నాలుగేళ్ళలో ఎన్నిసార్లు ధర్మవరం పోలేదు? పోయిన ప్రతిసారీ, ఈసారి చెబుదాం అనుకునేవాణ్ణి. ఆమె ముందు కూర్చునేసరికి ఆ ఓడలో వంటవాళ్ళు రెండు వందలు కాదు, మూడు వందలని చెప్పేవాణ్ణి. ఆమె అవునా అనేది.

మొన్న మనవరాలు ఓడ ఫోటో పట్టుకొచ్చింది. బల్ల చుట్టూ అందరం ఉన్నాం. వేలు పెట్టి ఒక్కొక్కరినీ లెక్కపెట్టి, ధర్మవరం అవ్వ ఇందులో లేదేం తాతా అని అడిగింది. ఆమె లేకపోవడమేంటి, ఈ ఫోటో తీసింది ఆమే అన్నాను. ఎంత తొందరగా అన్నానో. ఆ వణికే చేతులతో ఫోటో తీయించాను ఆమె చేత, పోయిన మూడేళ్ళకు. పిల్ల నమ్మి, ఫోటో ఎంత బాగా తీసిందో అంది. ఆ మధ్యాహ్నం నాకు అన్నం సహించలేదు.

అందుకే రాశాను. క్షమించమని ఎవరిని అడగాలి? అడగవలసిన మనిషి లేదు. మీరు క్షమించినా అది మీ మంచితనమే అవుతుంది తప్ప, నాకేమీ ఒరగదు. చాప మీద చీటీ తీసింది నేను. తెల్లకోటు మనిషి నోరు మూయించింది నేను. రాసేశాక గొంతు కొంచెం వదులైన మాట మాత్రం నిజం. ఇందులో పెంచి రాసింది ఏదీ లేదు. మొదట్లో రాసిన నలభై మందిని కూడా కిందనే తగ్గించాను.

కాగితాలు మడిచేముందు మా ఆవిడ చేతికిచ్చాను. ఆమె అరుగు మీద కూర్చుని అంతా చదివింది. కళ్ళద్దాలు తీసి, చివరి కాగితాలలో ఒకచోట వేలు పెట్టి నా ముందుకు తోసింది.

"రెండో బంతిలో తినిందని రాసినావే, యాడ తినింది? ఆ చేతులు పెట్టుకోని ముక్కూమొగం తెలీనోళ్ళ ముందర తింటుందా ఆమె? మూడు పూట్లూ ఆ హాలు గడప తొక్కలేదు. పిల్లోళ్ళకని తెచ్చిన బొరుగులు గదిలో మంచం మీద కూర్చోని నమిలింది. నీ రెండు మాటలూ కలిపి చూసుకుంటే, ఇది నువ్వు చేసిన పనేనని మొదటి దినమే మా ఇద్దరికీ తెలిసిపాయ. నీకు సిగ్గవుతాదని ఆమె నన్ను నోరెత్తనీలేదు. తినిందనే మాట కొట్టెయ్."