జడ్జిగారి ముందు నా చదువు

అక్షరాలు కొత్తగా వచ్చిన ఆ రోజుల్లో నాకు ధైర్యం పెరగాల్సింది పోయి భయం పెరిగింది. రానప్పుడు ఎవరూ చదవమనేవారు కాదు కదా. ముప్పై ఎనిమిదేళ్ళకి (ఇప్పుడు తలుచుకుంటే పడుచుదనమే) అమెరికాలో ట్రాయ్ అనే ఊళ్ళో ఒక హోటల్ వంటింట్లో దోసెలు పోస్తూ, సిటిజన్‌షిప్ పరీక్ష కోసం ఇంగ్లీషు అక్షరాలు దిద్దాను. ఆఫీసర్ ఒక వాక్యం చదివించి పాస్ చేశాడు. ఇక మిగిలింది ఫెడరల్ కోర్టులో ప్రమాణం. కోర్టన్నాక విచారణ ఉంటుందని, జడ్జి మళ్ళీ చదివిస్తారని, తడబడితే సర్టిఫికెట్ చేతికి రాదని నాకు ఖాయంగా తోచింది. మా వీధిలోని పచ్చళ్ళ అక్క, తన ప్రమాణం రోజున నెరిసిన జుట్టు లేడీ జడ్జి వచ్చిందని, నవ్వడం తప్ప ఏమీ అడగలేదని చెప్పింది. వారం రోజులు ఆ ముఖం తెలియని తల్లికే దణ్ణాలు పెట్టుకున్నాను.

తీరా ఆ రోజు అందరం లేచి నిలబడితే, నల్ల గౌనులో ఆరడుగుల మగమనిషి వచ్చి కూర్చున్నాడు. వెనక వరసలో ఉన్న మా ఆయన వైపు తిరిగి, "ఏమండీ, ఆవిడకి ట్రాన్స్‌ఫర్ అయినట్టుంది" అన్నాను.

"వీళ్ళకి ట్రాన్స్‌ఫర్లుండవు. ఈ కోర్టుకి చాలామంది జడ్జీలు, ఇవాళ ఈయన వంతు. ప్రెసిడెంట్ వేసి, సెనేట్ ఒప్పుకుంటే ఇక బతికినంత కాలం జడ్జీలే. అంత తేలిగ్గా ఎవరూ తియ్యలేరు. ఊరికే టెన్షన్ పడకు."

ఆ మాటతో ఉన్న కాస్త ధైర్యమూ పోయింది. పైన ఎవరూ లేని మనిషి కాదంటే ఇక ఎవరి కాళ్ళు పట్టుకోవాలి?

ప్రమాణం ఎలా చెప్పానో తెలియదు. పేరు పిలిస్తే వెళ్ళాను. జడ్జిగారు సర్టిఫికెట్ ఇచ్చి, షేక్‌హ్యాండ్ కోసం చెయ్యి చాపారు. చదవమని చూపిస్తున్నారనుకుని, వేలు పెట్టి మొదటి అక్షరం నుంచి గట్టిగా చదవడం మొదలుపెట్టాను. నా పేరు, పుట్టిన తేదీ, ఆఖరికి నా ఎత్తు కూడా. వెనక క్యూ ఆగిపోయింది. గుమస్తా దగ్గాడు. జడ్జిగారు మాత్రం చాపిన చెయ్యి వెనక్కి తీసుకుని, "టేక్ యువర్ టైమ్, మేడమ్" అని తల వంచి చివరిదాకా విన్నారు. (బతికినంత కాలం ఉద్యోగమాయె, ఆయనకేం తొందర.)

అయ్యాక, "పాసా, సార్?" అన్నాను. ఆయన మెల్లగా ఏదో అన్నారు. ప్రమాణం చెప్పినప్పుడే సిటిజన్‌షిప్ మీదైపోయిందన్నారని మా ఆయన కారులో చెప్పారు.

మొన్న అదే కోర్టు నుంచి జ్యూరీకి రమ్మని ఉత్తరం వచ్చింది. ఈసారి నన్ను తీర్పు చెప్పేవాళ్ళ వైపు కూర్చోబెడతారట. ఆ రోజు సర్టిఫికెట్ మీద వేలు పెట్టి నిలబడ్డ ఆ పాత నేను ఎదురైతే, కాస్త కాఫీ కలిపిచ్చి, ఏం కాదమ్మా అని చెప్పేదాన్ని. ఆవిడ నమ్మేది కాదులెండి.