సొంతవాళ్ల గడి

మా ఆఫీసులో చిన్నాపెద్దా అందరం ఆమెను పెద్దక్క అనేవాళ్లం. ఇంట్లో అలా పిలిచే దిక్కు లేకనో ఏమో, పిలిస్తే మొహం వెలిగేది. కొత్త వైద్యం ఏదైనా వస్తే దాన్ని ఆసుపత్రులకు కొనాలా వద్దా అని తేల్చేది మా ఆఫీసే. అందుకోసం చేసే పరీక్ష ఎలా జరగాలో ముందుగా ప్రణాళిక రాయడం ఆమె పని. ఎవరికి ఇవ్వాలి, దేనికి బదులు ఇవ్వాలి, ఏం కొలవాలి? ఈ మూడు ప్రశ్నలతోనే ఇరవై రెండేళ్లు కాపురం చేసింది. మధ్యాహ్నం డబ్బా కూడా ఆ కాగితాల పక్కనే విప్పేది.

ఆ ఏడాది ఒక యంత్రం వచ్చింది. ఆపరేషన్లో కారిన రక్తాన్ని పట్టి, కడిగి, ఆ రోగికే తిరిగి ఎక్కిస్తుంది. బయటివాళ్ల రక్తంతో అవసరం తగ్గుతుంది.

"ఎన్ని సంచుల రక్తం మిగిలిందని ఒక్కటే కాదమ్మా, మనిషి ఎన్నాళ్లకు లేచి నడిచాడో కూడా కొలవాలి" అంటూ నాతో మూడుసార్లు టైపు కొట్టించింది.

అప్పుడే, పదకొండేళ్లుగా మాటల్లేని తమ్ముడు ఫోన్ చేశాడు. అతనికి తుంటి ఆపరేషన్. ఇదివరకు ఎక్కించిన రక్తాల వల్ల ఇప్పుడు ఎవరి రక్తమూ సరిపడటం లేదట. యంత్రం సంగతి ఎక్కడో విన్నాడు. అందితే జుట్టు, అందకపోతే కాళ్లు అనుకున్నాను నేను. ఆ వారం రోజూ చేశాడు.

"తిన్నావా అక్కా అని అడిగాడే!" అని నాకు చెప్పి కళ్లు తుడుచుకుంది.

ప్రణాళిక ఖాయం చేసేముందు అందరం ఒక కాగితం నింపాలి. ఈ వైద్యంతో మేలు పొందే సొంతవాళ్లున్నారా అని అందులో ఒక గడి. ఉంటే ఆ పని నుంచి తప్పుకోవాలి. ఇన్నేళ్లూ ఆమె అక్కడ 'ఎవరూ లేరు' అనే రాసింది.

"ఈసారీ అలాగే రాసెయ్ అక్కా, ఎవరు చూడొచ్చారు?" అన్నాను, సిగ్గు లేకుండా.

"నాకూ ఒకడున్నాడని రాసే రోజొస్తే, లేడని రాయమంటావా?" అంది.

'తమ్ముడు' అని గుండ్రంగా రాసింది. సాయంత్రానికల్లా ఫైలు వేరే ఆఫీసరు బల్ల మీదికి పోయింది. ఖాళీ బల్ల ముందు ఆమెను చూడలేకపోయాను.

మర్నాడు తనే ఫోన్ చేసింది. స్పీకరులో నాకూ వినబడింది.

"ఆ పని ఇప్పుడు నా చేతిలో లేదురా. నువ్వు నా తమ్ముడివని రాశాను."

"పోనీ, ఎవరికైనా చెప్పగలవా?"

"చెప్పకూడదురా."



"మరి నీకు ఫోన్ చేసి లాభమేంటక్కా?" అన్నాడు. కోపంగా కూడా కాదు, నిజంగా తెలుసుకుందామన్నట్టు.

ఆమె ఏదో చెప్పబోతుండగానే అతను ఫోన్ పెట్టేశాడు.