వాగులో బెకబెక

ఎవరినీ పూర్తిగా నమ్మలేని మనిషినయ్యాను. ఈ సంగతిని ఏళ్ల తరబడి మోస్తూ మోస్తూ అలా తయారయ్యాను. ఎవరైనా నవ్వుతూ "ఏంటి విశేషాలు" అని పలకరిస్తే, దేని గురించి ఆరా తీస్తున్నారా అని ముందు వాళ్ల మొహం చూస్తాను. తప్పు చేసింది నేను, అనుమానించేది మాత్రం ఊరందరినీ. నేనెవరో మీకు తెలియదు, అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

మేముండేది ఆస్ట్రేలియా పక్క దేశంలో, పాపకూర అనే ఊళ్లో. కాస్త దూరం డ్రైవ్ చేస్తే హునువా అడవి. అక్కడి వాగులో రాళ్ల కింద బొటనవేలంత గోధుమరంగు కప్ప ఉంటుంది. ఈ దేశం దాటితే ప్రపంచంలో ఇంకెక్కడా లేదు. అది అరవదు. కప్పై పుట్టి బెకబెకమనదా అని మొదటిసారి విన్నప్పుడు నవ్వాను. ఆదివారాలు ఆ వాగు పక్కన, కప్పలను తినే ఎలుకలకు పెట్టిన బోన్లు చూసే వాలంటీర్లలో నేనూ, నా స్నేహితురాలు కవితా చేరాం. ఇద్దరిదీ కరీంనగర్ వైపే. గుంపును నడిపే పెద్దాయనను పిల్లలతో పాటు మేమూ పీటర్ అంకుల్ అనేవాళ్లం. ఆయన మొదటి రోజే చెప్పాడు. ఊళ్లో గుంటల్లో కనిపించే పచ్చకప్పలు ఆస్ట్రేలియా నుంచి వచ్చినవి, చిన్న కప్పలను మింగుతాయి, వాటి చర్మం మీది బూజు రోగం నీళ్లలో కలిస్తే ఇక్కడి కప్పలకు అంటుకుంటుంది. బయటి కప్ప గానీ, తోకకప్పలు గానీ, ఇంటి తొట్టిలో నీళ్లు గానీ ఇటు తేవద్దు. నేను విన్నాను. తల ఊపాను. పాపం తెలియక చేసిందని మీరు నా తరఫున సర్దిచెప్పుకోకూడదనే ఇది ముందే చెబుతున్నాను.

ఆ ఏడు వినాయక చవితికి మట్టి వినాయకుణ్ణి పెరట్లో ప్లాస్టిక్ తొట్టిలోనే నిమజ్జనం చేశాం. ఏటా ఆ నీళ్లు నిమ్మచెట్టుకు పోసేవాళ్లం. కొత్తగా మారిన అద్దె ఇంట్లో చెట్టు లేదు. ఉన్నది జానెడు గడ్డి, దాని మీద పక్కింటి కుక్క చేసే పనులు. తర్వాత చూద్దాంలే అని తొట్టిని షెడ్డు వెనక పెట్టి మరిచిపోయాను. ఇక్కడ ఎండాకాలం డిసెంబరులో. ఆ ఎండలు మొదలయ్యాక, అద్దె ఇల్లు ఎలా ఉంచామో చూడటానికి వస్తున్నామని ఏజెంట్ చెప్పినప్పుడు గుర్తొచ్చింది. వెళ్లి చూస్తే అడుగున మెత్తటి మట్టి, పైన నల్లగా తోకకప్పలు, అంచు మీద ఒక పచ్చకప్ప.

దేవుడి మట్టిని డ్రైన్‌లో పోయడానికి మనసొప్పలేదు. ప్రాణమున్నవాటిని ఎండలో పారబోయడానికి అసలే ఒప్పలేదు. పారే నీళ్లు, ఎవరి కాలూ పడని చోటు, నాకు తెలిసింది ఆ వాగే. అంతా బకెట్‌లోకి వంపి, మూత పెట్టి, పొద్దున్నే ఒక్కదాన్నే బయలుదేరాను. దారి మొదట్లో, చెట్ల తెగులు అడవిలోకి పోకుండా బూట్లు తోముకునే చోటు ఒకటుంది. బకెట్ పక్కన పెట్టాను. రెండు బూట్లూ బ్రష్‌తో శుభ్రంగా తోముకుని, వాటి మీద తెగులు మందు చల్లుకుని, మళ్లీ బకెట్ పట్టుకుని లోపలికి వెళ్లాను. వాగులో వంపి దణ్ణం కూడా పెట్టాను. నిజంగా పుణ్యమే అనుకున్నానా? లేక నా బద్ధకానికి పుణ్యాన్ని అడ్డం పెట్టుకున్నానా?

మరుసటి ఎండాకాలం వాగులో బెకబెక వినిపించింది. అందరం ఆగిపోయాం. పీటర్ అంకుల్ మొహం వాడిపోయింది. ఎవరూ ఎవరినీ పల్లెత్తు మాట అనలేదు. కానీ కవిత కూతురు శ్రేయ ఇంట్లో గాజుతొట్టిలో తోకకప్పలను పెంచుతుందని అందరికీ తెలుసు, ఆ పిల్లే ముచ్చటగా ఫొటోలు చూపించింది. ఆ తర్వాత టీ తాగేటప్పుడు కవిత పక్కన కూర్చునేవాళ్లు తగ్గారు.

ఒక సాయంత్రం కవిత మా ఇంటికి వచ్చి గుమ్మంలోనే నిలబడింది.

"అక్కా, అందరు నన్నే అదోలెక్క చూస్తున్నరు. మేం పొయ్యలే. నువ్వన్న నమ్ముతవా?"

"నిన్ను నమ్ముతనే. నువ్వెందుకు పోస్తవ్?" అన్నాను. అక్కడితో ఆగి ఉండొచ్చు. ఆగలేదు. "పిల్లనడిగినవా మరి?"

"అడిగిన. లేదన్నది."

"భయానికి చెప్పరు కదనే పిల్లలు. ఇంకోసారి మంచిగ అడుగు."

ఎంత తేలిగ్గా వచ్చిందో ఆ మాట. అంతవరకూ కవిత కళ్లలో లేని అనుమానం నా ఎదురుగానే పుట్టింది. తర్వాత సంగతి తనే చెప్పింది. ఎన్నిసార్లు అడిగినా శ్రేయ "నో మమ్మీ" అనే అన్నదట. అబద్ధం మీద అబద్ధమా అని కవిత చెయ్యి చేసుకుంది, గాజుతొట్టి తీసి పారేసింది. పీటర్ అంకుల్ దగ్గరికి వెళ్లి కూతురి తరఫున సారీ చెప్పింది. నేను పక్కనే ఉన్నాను. భుజం మీద చెయ్యి వేసి ఓదార్చాను కూడా. శ్రేయ మళ్లీ ఆ వాగు వైపు రాలేదు.

ఇప్పుడు అక్కడ రాళ్లు ఎత్తి చూస్తే గోధుమరంగు కప్పలు అరుదుగా కనిపిస్తున్నాయి. రోగమా, ఎలుకలా, వరదలా, కచ్చితంగా చెప్పలేనంటాడు పీటర్ అంకుల్. ఆ "చెప్పలేను" పట్టుకునే ఇన్నాళ్లూ బతికాను. నాలాంటి వాళ్లు ఇంకెవరో ఉండే ఉంటారని, దారిలో ఎదురొచ్చే ప్రతివాళ్ల సంచీ వంకా చూస్తాను. మీ పండక్కి విగ్రహాన్ని నీళ్లలో వేస్తారట కదా అని ఆయన ఒకసారి మామూలుగా అడిగితే, ఆ వారమంతా ఆయన ఫోన్ చేస్తే నేను ఎత్తలేదు. ఆయనకు తెలుసా? తెలిస్తే ఎందుకు ఊరుకున్నాడు?

శ్రేయ పెద్దదై టౌరంగా అనే వేరే ఊళ్లో ఉద్యోగం చేసుకుంటోంది. తల్లికి ఫోన్ చేయడం తక్కువ. కవిత మా వంటింట్లో కూర్చుని, "అది చిన్నప్పుడే అబద్ధాలు నేర్సిందక్కా, అప్పట్నుంచి దాని మాట నమ్మబుద్ధి కాదు" అంటుంది. నేను ఆమె కప్పులో ఇంకాస్త చాయ్ పోస్తాను.

శ్రేయ అబద్ధం ఆడలేదు. మొదటిసారి అడిగినప్పుడే నిజం చెప్పింది. కవితకు ఈ మాట ఎప్పుడు చెబుతానో మీకు మాటివ్వలేను, నా మాట మీద నాకే నమ్మకం లేదు. క్షమించమని కూడా అడగను, అది మీ చేతుల్లో లేదు. ఆ నీళ్లు పోసింది నేను. ఇది నా నుంచి బయటికి రావడం ఇదే మొదలు. గుండె కాస్త తేలికపడింది, అందుకు కూడా సిగ్గుగానే ఉంది.